‘స్టాటిక్’ను ‘స్థిర’ అనొచ్చా?

కావలి పాఠాలు: డిగ్రీ పిల్లకాయల కోసం పీహెచ్‌పీ (వెబ్‌సైట్లు రాసే ప్రోగ్రామింగ్ భాష) పాఠాలు తెలుగులో తయారవుతున్నాయి. క్లాసును తరగతి అంటే బడి గుర్తొస్తుందని క్లాసుగానే ఉంచాం. క్లాసు అనే అచ్చు నుంచి తయారయ్యే ఆబ్జెక్టు, అది చేసే పని మెథడ్, అందులో దాచే విలువ ప్రాపర్టీ, ఈ మాటలు కూడా అంతే. పేచీ అంతా స్టాటిక్ దగ్గరే, అంటే విడి ఆబ్జెక్టుకు కాకుండా క్లాసుకే చెందిందని చెప్పే మాట దగ్గర. ముసాయిదాలో ‘స్థిర ప్రాపర్టీ’, ‘స్థిర మెథడ్’ అని ఉన్నాయి. ఉంచమంటారా, తీసేయమంటారా?

పెన్నా గట్టు: తీసేయండన్నా. స్థిర అనంగానే మారనిది అనుకుంటారు. మారనిదానికి కాన్‌స్టంట్ అని వేరే ఉండాది, దాన్ని ‘కాన్‌స్ట్’ అని ప్రకటిస్తాం. స్టాటిక్ ప్రాపర్టీ విలువ నిక్షేపంగా మారుతుంది. అట్టా మార్చుకోవడానికే చాలాసార్లు దాన్ని పెట్టుకునేది.

ఈ మాట వల్ల జరిగే నష్టం చెప్తా. బియ్యం కొట్టుకు వెబ్‌సైట్ రాస్తా ఉండామనుకోండి. ‘బిల్లు’ అనే క్లాసు, అందులో స్టాటిక్ $వరుస = 0. కన్‌స్ట్రక్టర్‌లో (ఆబ్జెక్టు పుట్టగానే నడిచే మెథడ్) సెల్ఫ్::$వరుస++ చేసి, అంటే ఈ క్లాసులోని వరుసను ఒకటి పెంచి, వచ్చిన అంకెను బిల్లు నంబరుగా వేస్తారు. ఒకే స్క్రిప్టులో మూడు బిల్లులు సృష్టించి చూస్తే 1, 2, 3 అని చక్కగా వస్తాయి. సర్వర్ మీదికెక్కిస్తే వచ్చిన ప్రతి కొనుగోలుదారుకూ బిల్లు నంబరు 1! మామూలు పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్‌లో (సర్వర్ మీద పీహెచ్‌పీని నడిపేది) ప్రతి రిక్వెస్టూ, అంటే బ్రౌజర్ అడిగిన ప్రతిసారీ, సున్నా నుంచి మొదలై, జవాబు పంపంగానే స్టాటిక్ విలువలతో సహా అంతా చెరిగిపోతుంది. ‘స్థిర’ అని చదివినవాడు విలువ నిలిచి ఉంటుందనే గదా అనుకునేది? బిల్లు నంబరును డేటాబేసులో తనంతట తానే అంకె పెంచే ఆటో ఇంక్రిమెంట్‌కు అప్పజెప్పాల్సిందే.

కొత్తపట్నం గాలి: అది పీహెచ్‌పీ సంగతి. జావాలో టామ్‌క్యాట్ (జావా వెబ్ సర్వర్) నడుస్తున్నంతసేపూ ఆ అంకె పెరుగుతూనే ఉంటుంది, రీస్టార్ట్ చేస్తే మళ్లీ సున్నా. అక్కడి చిక్కు వేరు. రెండు థ్రెడ్లు (ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే పనులు) ఒకేసారి ++ చేస్తే ఇద్దరికీ ఒకే నంబరు పడొచ్చు. పీహెచ్‌పీలో కూడా లారావెల్ ఆక్టేన్ లాంటివి (రిక్వెస్టు అయిపోయినా ప్రోగ్రాంను మూసేయనివి) పెట్టుకుంటే ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, బతికే ఉంటుంది కాబట్టి స్టాటిక్ విలువ తరవాతి రిక్వెస్టుకు అంటుకొస్తుంది. లాగిన్ అయినవారి వివరాలు స్టాటిక్‌లో దాచిన కోడ్ అక్కడ ఒకరి వివరాలు ఇంకొకరికి చూపించేస్తుంది. ఎంతసేపు నిలుస్తుందన్నది ప్రాసెస్‌ను బట్టి ఉంటుంది గానీ స్టాటిక్ అనే ఆ కీవర్డ్‌లో లేదు.

రిటైర్డు మేస్టారు: స్థిరను మరీ అంత తీసిపారేయకండి. ఈ మాట సీ భాష నుంచి వచ్చింది. ఫంక్షన్ లోపల స్టాటిక్ అని ప్రకటించిన వేరియబుల్‌కు మెమరీలో చోటు ప్రోగ్రాం మొదట్నుంచి చివరిదాకా ఖాయంగా ఉంటుంది. ఫంక్షన్ ముగిసినా చోటు పోదు. స్థిరమైంది ఆ చోటు, అందులోని విలువ కాదు. రిజిస్ట్రేషన్ కాగితాల్లో స్థిరాస్తి అంటాం. ఇల్లు కదలదు, లోపల అద్దెకుండేవాళ్లు మారుతుంటారు. ఆ అర్థంలో స్థిర తప్పు కాదు.

పెన్నా గట్టు: ప్రాపర్టీ వరకు ఒప్పుకుంటా సార్. మరి మెథడ్‌కో? స్టాటిక్ మెథడ్‌లో నిలిచే చోటేముంది? ఆబ్జెక్టు లేకుండా పిలవొచ్చు, లోపల $దిస్ (ఏ ఆబ్జెక్టు మీద పిలిచారో అది) ఉండదు, అంతే. $దిస్ వాడితే పీహెచ్‌పీ ఎర్రర్ విసురుతుంది. తిరగేసి, స్టాటిక్ కాని మెథడ్‌ను ఆబ్జెక్టు లేకుండా బిల్లు::చూపు() అని పిలిస్తే, పాత వెర్షన్లు పని కానిచ్చేవి, 7.0లో ఇక ఇట్టా వాడొద్దని ప్రకటించారు, 8.0 నుంచి నేరుగా ఎర్రరే.

ఇంకోటి. పీహెచ్‌పీ 5.3లో స్టాటిక్:: అని వచ్చింది. సెల్ఫ్:: అంటే కోడ్ రాసి ఉన్న క్లాసు. స్టాటిక్:: అంటే నడిచేటప్పుడు ఏ క్లాసు మీద పిలిచారో ఆ క్లాసు. బిల్లు నుంచి నగదుబిల్లు అనే పిల్ల క్లాసు పుట్టి, అందులో $వరుసను మళ్లీ ప్రకటించారనుకోండి. తల్లి క్లాసు కోడ్‌లో సెల్ఫ్::$వరుస అంటే తల్లిదే మారుతుంది, స్టాటిక్::$వరుస అంటే పిల్లది మారుతుంది. మళ్లీ ప్రకటించకపోతే ఇద్దరికీ ఒకటే. పిలిచేవాళ్లను బట్టి మారేదానికి పేరు స్టాటిక్! కొత్త కీవర్డ్ ఎందుకులే అని అప్పటికే ఉన్నదాన్ని వాడేశారు. దీన్నీ ‘స్థిర’ అని రాస్తే పాఠం అడ్డం తిరుగుతుంది.

కావలి పాఠాలు: అయితే ‘క్లాసు ప్రాపర్టీ’, ‘క్లాసు మెథడ్’ అనేస్తే?

కొత్తపట్నం గాలి: అదే పిల్లలు వచ్చే సెమిస్టర్‌లో పైథాన్ చదువుతారు గదా. అక్కడ క్లాస్‌మెథడ్, స్టాటిక్‌మెథడ్ రెండూ వేరువేరుగా ఉన్నాయి. మొదటిదానికి క్లాసు తనంతట తానే అందుతుంది, రెండోదానికి ఏదీ అందదు. పీహెచ్‌పీ స్టాటిక్‌కు ‘క్లాసు మెథడ్’ అని పేరు పెడితే అక్కడ తికమక ఖాయం.

నా ఓటు ‘ఉమ్మడి’కి, కానీ ప్రాపర్టీకి మాత్రమే. ఎన్ని ఆబ్జెక్టులున్నా విలువ ఒక్కటే అన్నది ఆ మాటలోనే ఉంది. ఉమ్మడి మెథడ్ అనకూడదు, మామూలు మెథడ్ కోడ్ కూడా అన్ని ఆబ్జెక్టులకూ ఒకటే కాబట్టి. జావాస్క్రిప్ట్ పాఠంలో మాత్రం ‘ఉమ్మడి’ పక్కన ఒక హెచ్చరిక రాయాలి. పిల్ల క్లాసు నుంచి చదివితే తల్లి విలువే కనిపిస్తుంది, కానీ నగదుబిల్లు.వరుస++ అనగానే పిల్లకు సొంతది కొత్తగా పుడుతుంది, తల్లిది అట్లాగే ఉంటుంది. పెంచాలంటే బిల్లు.వరుస++ అని తల్లి పేరే రాయాలి.

రిటైర్డు మేస్టారు: ఒకే కీవర్డుకు రెండు తెలుగు మాటలా?

పెన్నా గట్టు: పని రెండు రకాలు గదా సార్. కీవర్డును స్టాటిక్ అనే ఉంచి, వివరణలో ప్రాపర్టీకి ‘ఉమ్మడి’, మెథడ్‌కు ‘ఆబ్జెక్టు అక్కర్లేని’ అంటే సరిపోతుంది. వెబ్ సర్వర్ వాళ్ల స్టాటిక్ ఫైళ్లు, అంటే ఉన్నది ఉన్నట్టు పంపే బొమ్మలూ, పేజీ రూపాన్ని చెప్పే సీఎస్‌ఎస్‌లూ, వాటికి ‘స్థిర’ను వదిలేయండి. అక్కడ బాగా కుదురుతుంది.

కావలి పాఠాలు: సరే, అట్టాగే మారుస్తాం. ఉదాహరణల్లో క్లాసు పేర్లు తెలుగులోనే రాయొచ్చా?

కొత్తపట్నం గాలి: రాయొచ్చు, పీహెచ్‌పీ, జావాస్క్రిప్ట్ రెండూ తెలుగు పేర్లు ఒప్పుకుంటాయి. పీహెచ్‌పీ 3 ఇంజన్ రాసినవాళ్లు :: గుర్తుకు హీబ్రూలో పేరు పెట్టుకుంటే ఏళ్లతరబడి అది ఎర్రర్ మెసేజ్‌లలో అందరికీ కనిపించింది. మనం తెలుగు వాడితే తప్పేముంది?

రెండు జాగ్రత్తలు. $దిస్->వరుస అన్నప్పుడు పేరు ముందు డాలర్ ఉండదు, సెల్ఫ్::$వరుస అన్నప్పుడు ఉండాలి. మరిస్తే ఆ పేరుతో కాన్‌స్టంట్ కోసం వెతికి, లేదని ఆగిపోతుంది. కొత్తవాళ్ల తప్పుల్లో దీనిదే పెద్ద పీట.

రెండోది మన లిపిది. ‘సర్వర్‌పేరు’ అని టైప్ చేసేటప్పుడు పొల్లు తరవాత కంటికి కనపడని అక్షరం ఒకటి పడుతుంది. ఒకచోట అది ఉండి, ఇంకోచోట లేకపోతే కంప్యూటర్‌కు అవి రెండు వేరే పేర్లు. స్టాటిక్ ప్రాపర్టీ అయితే ప్రకటించలేదని వెంటనే ఎర్రర్ వస్తుంది, బతికిపోతాం. మామూలు ప్రాపర్టీకి అట్లా విలువ వేస్తే కొత్తదొకటి పుట్టేస్తుంది. 8.2కు ముందు కనీసం హెచ్చరిక కూడా రాదు. పొల్లు మధ్యలో రాని పేర్లు ఎంచుకోండి. వరుస, బిల్లు, ధర, సరుకు చాలు.