విమానం కళ్లెదుటే ఉంది, గేటు మాత్రం మూసేశారు: కనెక్షన్‌కు ఎంత వ్యవధి ఉండాలి?

దూరప్రయాణి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. కిందటి నెలలో ఒక పెద్ద అంతర్జాతీయ విమానాశ్రయంలో విమానం మారవలసి వచ్చి, రెండో విమానాన్ని అందుకోలేకపోయాను. విమానాశ్రయం పేరు గానీ విమాన సంస్థ పేరు గానీ ఇక్కడ రాయదలచుకోలేదు. జరిగినదాంట్లో నా పొరపాటు ఎంతో తెలుసుకుంటే చాలు.

టికెట్టు ప్రకారం రెండు విమానాల నడుమ 1 గంట 50 నిమిషాల వ్యవధి ఉంది. రెండింటినీ ఒకే టికెట్టు మీద, ఒకే పీఎన్‌ఆర్‌తో కొన్నాను. మొదటి విమానం 25 నిమిషాలు ఆలస్యంగా నేలమీద దిగింది. ఆ తరువాత పావుగంట సేపు రన్‌వేల పక్కన నెమ్మదిగా తిరిగి తిరిగి, చివరికి టెర్మినల్‌కు దూరంగా ఎక్కడో ఆగింది. మెట్లు దిగి బస్సు ఎక్కాము గానీ చివరి ప్రయాణికుడు ఎక్కేదాకా ఆ బస్సు కదలలేదు. లోపలికి చేరాక చేతిసామానును మళ్లీ తనిఖీ చేయాలన్నారు. ఆ వరుసలో అరగంట గడిచింది. అక్కడినుంచి లోపలి రైలు ఎక్కి, పరుగులాంటి నడకతో గేటు చేరేసరికి బయలుదేరే సమయానికి ఇంకా 12 నిమిషాలు మిగిలి ఉన్నాయి. అద్దంలోంచి విమానం కనిపిస్తోంది, ఏరోబ్రిడ్జి (గేటునుంచి విమానంలోకి నడిచివెళ్లే వంతెన) దానికి ఆనుకునే ఉంది. అయినా గేటు మూసేశామనీ, తెరవడం కుదరదనీ అక్కడి ఉద్యోగిని మర్యాదగానే చెప్పారు. మర్నాటి ఉదయం విమానంలో సీటు, రాత్రికి బస వారే చూశారు. ఆశ్చర్యమేమిటంటే నా పెట్టె కూడా మర్నాడు నాతోపాటే వచ్చింది.

మూడు నెలల తరువాత అదే విమానాశ్రయం మీదుగా మా అమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్లవలసి ఉంది. ఆమెకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి, నెమ్మదిగా నడవగలరు. ఈసారి 2 గంటల 10 నిమిషాల వ్యవధి చూసుకున్నాను. ధర కలిసివచ్చిందని రెండు టికెట్లూ విడివిడిగా కొన్నాను. ఈ వ్యవధి సరిపోతుందా? విమానం అక్కడే నిలబడి ఉన్నప్పుడు మనిషిని ఎక్కించుకోవడానికి వారికి వచ్చిన కష్టమేమిటి?

పాతకాపు:

దూరప్రయాణి గారికి నమస్కారం. నేను చాలా ఏళ్లు విమానాశ్రయాలలో గ్రౌండ్ హ్యాండ్లింగ్ విభాగంలో, అంటే విమానం నేలమీద ఉన్నప్పుడు ప్రయాణికుల, సామాను పనులు చూసే విభాగంలో పనిచేశాను. మూసిన గేటుకు ఇవతలి వైపు నిలబడి, మీలాంటివారికి తలుపు తెరవలేనని చెప్పవలసి వచ్చిన రోజులు నాకు బాగానే గుర్తున్నాయి. కాబట్టి మీ రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను.

టికెట్టు మీద ముద్రించేది విమానం గాలిలోకి లేచే సమయమని చాలామంది అనుకుంటారు. అది విమానం తాను నిలిచిన చోటి నుంచి కదిలే సమయం. ఆ నిమిషానికల్లా తలుపులు మూసి, వంతెన తొలగించి, విమానాన్ని వెనక్కి నెట్టే బండిని తగిలించి, కంట్రోల్ టవర్ అనుమతి పుచ్చుకుని ఉండాలి. అందువల్లనే గేటును సాధారణంగా 15 నుంచి 20 నిమిషాల ముందే మూసేస్తారు. సంస్థను బట్టి ఈ గడువు కొంత మారుతుంది. మీరు 12 నిమిషాల ముందు చేరానని రాశారు గానీ, వారి లెక్కలో మీరు అప్పటికే ఆలస్యంగా వచ్చినవారు. వంతెన ఇంకా ఆనుకుని ఉండడం చూసి ఆశపడడం సహజమే, కానీ చివరి కాగితాలు చేతులు మారేంతవరకు అది అలాగే ఉంటుంది.

ఆ కొద్ది నిమిషాలలో జరిగే పనులలో ప్రయాణికుల కంటికి అసలు కనిపించనిది సామాను సంగతి. పెట్టె ఇచ్చిన మనిషి విమానం ఎక్కకపోతే, అతని పెట్టెను కూడా దించివేయాలన్నది అంతర్జాతీయ ప్రయాణాలలో పాటించే నియమం. 1985 జూన్‌లో అట్లాంటిక్ మీద పేలిపోయిన ఎయిరిండియా కనిష్క విమానంలోకీ, 1988 డిసెంబరులో లాకర్బీ మీద కూలిన పాన్ ఆమ్ విమానంలోకీ బాంబులు పెట్టెలలోనే చేరాయి; ఆ పెట్టెల వెంట మనుషులెవరూ ఎక్కలేదు. ఈ నియమాన్ని అంత పట్టుదలగా అమలుచేయడం వెనుక ఆ రెండు ఘోరాలు ఉన్నాయి. మీరు రావడం లేదని తేలగానే, మీ పెట్టె అప్పటికే ఎక్కి ఉంటే ఎవరో ఒకరు విమానం కడుపులోకి వెళ్లి దాన్ని వెతికి దించుతారు. బహుశా మీ పెట్టె కూడా మీలాగే ఆలస్యమై అక్కడికి చేరనే లేదేమో.

దానితోపాటు లోడ్ షీట్ అనే పత్రం ఒకటి ఉంటుంది. ఎంతమంది ఎక్కారు, ఏ భాగంలో ఎందరు కూర్చున్నారు, సామాను బరువెంత, ఇంధనం ఎంత అన్న లెక్కలు కట్టి, విమానం బరువు ఏ బిందువు దగ్గర సమతూకంలో ఉందో అందులో చూపిస్తారు. కెప్టెన్ దానిని ఆమోదించాకే విమానం కదులుతుంది. ఒక మనిషినీ ఒక పెట్టెనూ చేర్చడం పెద్ద పని కాదని బయటివారికి అనిపించవచ్చు, కానీ మూసిన లెక్కను మళ్లీ తెరవాలి. ఐరోపాలో రద్దీ వేళల్లో చాలా విమానాలకు గాలిలోకి లేచే స్లాటు, అంటే ఫలానా సమయం, ముందే నిర్ణయించి ఇస్తారు; దానికి 5 నిమిషాల ముందు నుంచి 10 నిమిషాల తరువాత వరకు మాత్రమే వెసులుబాటు ఉంటుంది. అది జారిపోతే కొత్త స్లాటు ఎప్పటికి వస్తుందో చెప్పలేము, అప్పుడు లోపల కూర్చున్నవారిలో ముందుకు కనెక్షన్ ఉన్నవారంతా మీ స్థితిలోకి వస్తారు.

ఇక వ్యవధి సంగతి. ప్రతి పెద్ద విమానాశ్రయానికీ, ఒక్కోసారి ఒక్కో టెర్మినల్ జంటకూ, కనీస కనెక్షన్ సమయమని ఒకటి నిర్ణయిస్తారు. అంతకంటె తక్కువ వ్యవధి ఉన్న రెండు విమానాలను బుకింగ్ వ్యవస్థ ఒకే టికెట్టుగా అమ్మదు. అయితే మొదటి విమానం వేళకు వస్తేనే ఆ లెక్క నిలబడుతుంది. 25 నిమిషాల ఆలస్యం, దూరపు నిలుపుచోటు, బస్సు ఒకేరోజు కలిసివస్తే ఏమవుతుందో అందులో ఉండదు. మీ పొరపాటు ఇందులో నాకేమీ కనిపించడం లేదు. అమ్మగారితో వెళ్లేటప్పుడు మాత్రం 3 గంటలకు తగ్గకుండా చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

రెండుసంచులు:

పాతకాపు గారు గేటు విషయాన్ని చక్కగా వివరించారు, కానీ ప్రశ్న చివరలో ఉన్న ఒక ముక్క వారి కంటపడినట్టు లేదు. దూరప్రయాణి గారు ఈసారి రెండు టికెట్లూ విడివిడిగా కొన్నారట. అలాంటప్పుడు కనీస కనెక్షన్ సమయం అన్న మాటకే అర్థం లేదు, ఎందుకంటే రెండో విమాన సంస్థ దృష్టిలో మీకు కనెక్షన్ అనేదే లేదు; మీరు ఆ ఊళ్లోనే ఇల్లు ఉండి, ఇంటినుంచి నేరుగా వస్తున్న ప్రయాణికులతో సమానం.

దీనివల్ల జరిగేదేమిటో నా అనుభవం మీద చెబుతాను. మొదటి సంస్థ మీ పెట్టెకు ఆ మధ్య విమానాశ్రయం వరకే చీటీ కట్టవచ్చు. వేర్వేరు టికెట్లు ఉన్నా చివరి ఊరిదాకా పెట్టెను పంపే సంస్థలు కొన్ని ఉన్నాయి, కుదరదనేవి చాలా ఉన్నాయి. అక్కడివరకే కడితే మీరు ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, అంటే ఆ దేశంలో ప్రవేశించే అనుమతి ఉండాలి. విమానం మారడానికి మాత్రమే పనికివచ్చే ట్రాన్సిట్ వీసా అందుకు చాలకపోవచ్చు. పెట్టె కోసం ఎదురుచూడాలి, అవసరమైతే టెర్మినల్ మారాలి, మళ్లీ చెక్-ఇన్ వరుసలో నిలబడాలి, తిరిగి భద్రతా తనిఖీకి వెళ్లాలి. అంతర్జాతీయ విమానాలకు చెక్-ఇన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు. అంటే మీ చేతిలో ఉన్న 2 గంటల 10 నిమిషాలలో నిజంగా మిగిలేది 1 గంట 10 నిమిషాలు. అన్నీ సవ్యంగా జరిగినా, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడతో అది చాలదు.

మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థ మిమ్మల్ని రానివారిగానే నమోదు చేసుకుంటుంది. కొత్త టికెట్టు ఖర్చు మీదే. అదే టికెట్టు మీద తిరుగు ప్రయాణం కూడా ఉంటే అది కూడా రద్దు కావచ్చు. ఈ సంగతి తెలియక ఇబ్బందిపడిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. పోయినసారి మర్నాటి సీటు, బస వారే చూశారని మీరు రాశారు. ఒకే టికెట్టు కావడమే దానికి కారణం.

కిటికీసీటు:

నేను తరచుగా తిరిగేవాణ్ణే గానీ లోపలి సంగతులు తెలిసినవాణ్ణి కాదు. నడక గురించి మాత్రం ఒక మాట. టెర్మినల్ సంఖ్య చూసి దూరాన్ని అంచనా వేయకండి. లండన్ హీత్రోలో 2 నుంచి 5 వరకు టెర్మినల్‌లు ఉన్నాయి, ఒకటోది 2015లో మూతపడింది. అయిదో టెర్మినల్ అని రాసి ఉన్నా అందులో బీ, సీ అనే విడి భవనాలకు నేల కింది రైలులో వెళ్లాలి. పారిస్ ఛార్ల్ ద గోల్‌లో రెండో టెర్మినల్ అనేది ఏ నుంచి జీ వరకు అక్షరాలుగా విడిపోయి ఉంటుంది, వాటిలో జీ మిగతావాటికి దూరంగా ఉంది కాబట్టి బస్సు ఎక్కవలసిందే. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్‌లో అంతా ఒకే టెర్మినల్ కప్పు కింద ఉంటుంది, పసుపు పలకలు కూడా దూరంనుంచే కనిపిస్తాయి, అయినా ఒక చివరి నుంచి మరో చివరికి నడక తక్కువేమీ కాదు.

మరొక సంగతి: చాలా పెద్ద విమానాశ్రయాలలో ఇప్పుడు ప్రతి విమానానికీ మైకులో పిలవడం మానేశారు. పిలుస్తారు కదా అని కూర్చుంటే ఎవరూ పిలవరు. గేటు చివరి గంటలో కూడా మారుతుంది కాబట్టి బోర్డింగ్ పాస్ మీద ఉన్న గేటును నమ్ముకోకుండా తెరలను చూస్తూ ఉండాలి. విమానంలో ముందు వరుసల సీటు దొరికితే దిగేటప్పుడు పది నిమిషాలైనా కలిసివస్తాయని నా లెక్క, అయితే బస్సు ఉంటే ఆ లాభం కూడా పోతుంది.

దూరప్రయాణి:

అందరికీ కృతజ్ఞతలు. రెండుసంచులు గారి మాట చదివాక టికెట్లు బయటికి తీసి చూశాను. రెండు సంస్థలకూ ఒకదానితో ఒకదానికి ఒప్పందమేమీ లేదు, టెర్మినల్‌లు కూడా వేరే. మా ఇద్దరి దగ్గరా ఆ దేశపు వీసా లేదు. ధర చూసి సంతోషపడి, అసలు విషయం చూడలేదని ఒప్పుకుంటున్నాను. రెండో టికెట్టును రద్దు చేసుకుంటే కొంత సొమ్ము పోతుంది, అయినా ఒకే టికెట్టుగా మళ్లీ కొనాలని నిర్ణయించుకున్నాను. అమ్మగారి విషయంలో వీల్‌చైర్ అడగడం మంచిదా? ఆమె నడవగలరు కాబట్టి, నిజంగా అవసరమైనవారికి దక్కవలసినదాన్ని మేము తీసుకున్నట్టు అవుతుందేమోనని సంకోచంగా ఉంది.

పాతకాపు:

ఆ ముక్క నేను నిజంగానే గమనించలేదు, రెండుసంచులు గారు సరిదిద్దినందుకు సంతోషం. వీల్‌చైర్ విషయంలో సంకోచం అవసరం లేదు. సహాయం కోరేవారిని విమాన సంస్థలు మూడు సంకేతాలతో నమోదు చేస్తాయి. మెట్లు ఎక్కగలరు, విమానం లోపల నడవగలరు, టెర్మినల్‌లోని దూరాలు మాత్రం నడవలేరు అంటే డబ్ల్యూసీహెచ్‌ఆర్. మెట్లు కూడా ఎక్కలేకపోతే డబ్ల్యూసీహెచ్‌ఎస్. సీటుదాకా మోసుకువెళ్లవలసినవారికి డబ్ల్యూసీహెచ్‌సీ. మొదటి సంకేతం ఉన్నదే అమ్మగారి వంటివారి కోసం. పోయినసారిలాగా విమానం దూరంగా ఆగితే మెట్లు దిగక తప్పదు కాబట్టి, ఆమెకు మెట్లు కష్టమైతే రెండోదాన్నే అడగండి. అప్పుడు చాలాచోట్ల లిఫ్టు ఉన్న వాహనాన్ని తెస్తారు. ఐరోపా సమాఖ్య విమానాశ్రయాలలో 2006 నాటి చట్టం ప్రకారం ఈ సహాయం ఉచితం, 48 గంటల ముందుగా చెప్పాలి. మిగతా చోట్ల కూడా టికెట్టు కొనగానే చెప్పడమే మేలు.

ఒక ఇబ్బందిని మాత్రం దాచను. వీల్‌చైర్ అడిగినవారిని సాధారణంగా అందరూ దిగాక చివర్లో దించుతారు, ఒక్కోసారి సహాయకుడు రావడానికి పావుగంట పడుతుంది. తనిఖీ వరుసలలో వేరే దారి దొరకడం వల్ల ఆ సమయం చాలావరకు తిరిగి వస్తుంది. అయినా ఇది కూడా కలుపుకునే 3 గంటలకు పైన వ్యవధి ఉంచుకోమంటున్నాను.

రెండుసంచులు:

పెట్టె ఇచ్చేటప్పుడు చీటీ మీది మూడక్షరాల సంకేతాన్ని కౌంటర్ దగ్గరే చదవండి. అందులో మీ చివరి ఊరి సంకేతం ఉందో లేదో చూసుకున్నాకే కదలండి. ఆ చీటీ ముక్కను పారేయకండి, దానిమీద ఉన్న పదంకెల సంఖ్యతోనే పెట్టెను వెతుకుతారు. మీ దారి అమెరికా మీదుగా అయితే మాత్రం మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ పూర్తి చేసి, పెట్టెను తీసుకుని మళ్లీ అప్పగించడం సాధారణంగా తప్పదు. చీటీ చివరి ఊరిదాకా ఉన్నా అంతే.

దూరప్రయాణి:

ఈ ఉదయం ఒకే టికెట్టుగా కొన్నాను, మధ్యలో 3 గంటల 40 నిమిషాలు ఉన్నాయి. అమెరికా దారి కాదు. అమ్మగారికి మెట్లు కష్టమే కాబట్టి డబ్ల్యూసీహెచ్‌ఎస్ అని నమోదు చేయించాను. చివరిగా ఒక చిన్న సందేహం: ఆమె వాడే ద్రవ మందు సీసా 200 మిల్లీలీటర్లది. మధ్యలో మళ్లీ తనిఖీ ఉంటుంది కదా, దాన్ని లాక్కుంటారా?

పాతకాపు:

ప్రయాణంలో అవసరమైన మందులకు సాధారణంగా 100 మిల్లీలీటర్ల పరిమితి వర్తించదు. వైద్యుని చీటీని, మందు అసలు పెట్టెను దగ్గర ఉంచుకుని, వరుసలో ట్రే ముందుకు రాగానే విడిగా తీసి చూపించండి. దాన్ని అప్పగించే పెట్టెలో మాత్రం పెట్టకండి. పోయినసారి మీ పెట్టె ఒక రోజు ఆలస్యంగా వచ్చిన సంగతి గుర్తుంచుకోండి.