కైనేజ్, ఫాస్ఫోరిలేజ్: రెండూ ఫాస్ఫేట్ తగిలించేవే కదా, తేడా ఎక్కడ?

ప్రశ్న:
హెక్సోకైనేజ్ అనే ఎంజైమ్ గ్లూకోజ్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. గ్లైకోజెన్ (గ్లూకోజ్ గొలుసులుగా నిల్వ ఉండే రూపం) మీద గ్లైకోజెన్ ఫాస్ఫోరిలేజ్ పనిచేసినా ఫాస్ఫేట్ ఉన్న గ్లూకోజే వస్తుంది. మరి రెండు పేర్లెందుకు? పైగా ‘ఫాస్ఫోరిలేజ్ కైనేజ్’ అని ఇంకొకటి! కాస్త విడమరిచి చెప్పండి.

జవాబు 1:
ఫాస్ఫేట్ ఎక్కణ్ణుంచి వస్తోందో చూడండి, చిక్కుముడి అక్కడే విడిపోతుంది. కైనేజ్ దాన్ని కణానికి శక్తినిచ్చే అణువైన ఏటీపీ నుంచి తీసుకుంటుంది. ఏటీపీ చివరి ఫాస్ఫేట్ గ్లూకోజ్ ఆరో కార్బన్ మీది హైడ్రాక్సిల్‌కు చేరి, ఏడీపీ మిగులుతుంది.

ఫాస్ఫోరిలేజ్ ఏటీపీని ఖర్చుపెట్టదు. కణంలో విడిగా ఉండే అకర్బన ఫాస్ఫేట్‌తో గ్లైకోజెన్ గొలుసు కొసన ఉన్న ఆల్ఫా-1,4 బంధాన్ని తెంచుతుంది. అంటే దాని అసలు పని తెంచడం. తెగిన ముక్కకు ఫాస్ఫేట్ అంటుకుని గ్లూకోజ్-1-ఫాస్ఫేట్ వస్తుంది. దాన్ని ఫాస్ఫోగ్లూకోమ్యుటేజ్ గ్లూకోజ్-6-ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. హెక్సోకైనేజ్ మెట్టు తప్పడంతో ఒక ఏటీపీ ఆదా: విడి గ్లూకోజ్‌తో గ్లైకాలిసిస్‌లో (గ్లూకోజ్‌ను విరిచి శక్తి తీసే ప్రక్రియలో) నికరంగా 2 ఏటీపీలు వస్తే, ఇలా వచ్చినదానితో 3. శాఖ మొదట్లో ఉన్న గ్లూకోజ్ మాత్రం విడిగానే ఊడుతుంది, దానికి ఈ లాభం లేదు.

జవాబు 2:
ఫాస్ఫోరిలేజ్ కైనేజ్ అచ్చంగా కైనేజే. అది పనిచేసేది చక్కెర మీద కాదు, ఫాస్ఫోరిలేజ్ ప్రొటీన్ మీద. కండరంలో ఫాస్ఫోరిలేజ్-బి (చురుకు తక్కువ రూపం)లో 14వ అమైనో ఆమ్లమైన సెరీన్‌కు ఏటీపీ ఫాస్ఫేట్ తగిలించి, చురుకైన ఎ-రూపంగా మారుస్తుంది. 1950లలో దీన్ని తేల్చినవారు ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్. 1992 నోబెల్ వారిదే. క్రెబ్స్ వలయం హాన్స్ క్రెబ్స్‌ది, ఆయన వేరు.

జవాబు 3:
ల్యాబ్‌లో కొలిచేవారికి: హెక్సోకైనేజ్, ఫాస్ఫోరిలేజ్ రెండింటికీ గ్లూకోజ్-6-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ జతచేసి, అది తయారుచేసే ఎన్ఏడీపీహెచ్ పెరుగుదలను 340 నానోమీటర్ల కాంతి దగ్గర చూస్తాం. ఫాస్ఫోరిలేజ్ అయితే మ్యుటేజ్ (పైన చెప్పిన ఫాస్ఫోగ్లూకోమ్యుటేజ్) కూడా కలపాలి; లేకపోతే డీహైడ్రోజినేజ్ గ్లూకోజ్-1-ఫాస్ఫేట్‌ను ముట్టదు, రీడింగ్ కదలదు. ఫాస్ఫేట్ లేని ట్రిస్ బఫర్ వాడుతూ ఫాస్ఫేట్ వేయడం మరిచినా అదే గతి. బి-రూపం పనిచేయడానికి దాన్ని చురుకు చేసే ఏఎంపీ కూడా కావాలి.

ఎ, బి నిష్పత్తి కావాలంటే కణజాలాన్ని నూరే బఫర్‌లోనే సోడియం ఫ్లోరైడ్, ఈడీటీఏ ఉండాలి. ఫ్లోరైడ్ ఫాస్ఫటేజ్‌ను (ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఎంజైమ్‌ను) ఆపుతుంది, ఎ-రూపం బి-గా జారిపోదు. ఈడీటీఏ మెగ్నీషియాన్ని, కాల్షియాన్ని పట్టేసి కైనేజ్‌ను ఆపుతుంది. అయితే మ్యుటేజ్‌కూ మెగ్నీషియం అవసరమే. కొలత మిశ్రమంలో మెగ్నీషియాన్ని ఈడీటీఏ కంటే ఎక్కువగా వేయండి.