నెలసరి నొప్పి గురించి చెబితే డాక్టర్లు "అందరికీ ఉండేదే" అంటున్నారు. మీకూ ఇలాగే అయిందా?

గోదారిపిల్ల: స్కానింగ్ నార్మల్. "పెళ్లయితే తగ్గిపోతుందమ్మా" అని చీటీ చేతిలో పెట్టారు. నాకు నెలసరికి రెండు రోజుల ముందే నడుము పట్టేస్తుంది. ఆ రోజుల్లో మోషన్‌కు వెళ్లాలంటే ప్రాణం పోతుంది, మిగతా నెలంతా ఏమీ ఉండదు. ఈ ముక్క చెప్పబోతే "గూగుల్ చూసి టెన్షన్ పడకు" అన్నారు. గూగుల్ ఎవరు చూశారండీ? బడి రోజుల నుంచి పడుతున్న బాధ ఇది.

ఓరుగల్లు_వదిన: నాకు పెళ్లయింది, తగ్గలేదు. అప్పుడు "ఒక కాన్పు అయితే సర్దుకుంటుంది" అన్నారు. ఆ కాన్పు ఎందుకు కావడం లేదో చూపించుకోవడానికి వెళ్తే అప్పుడు బయటపడింది: ఎండోమెట్రియోసిస్, అండాశయం మీద చాక్లెట్ సిస్ట్ (పాత రక్తం నిండిన తిత్తి). అంతవరకూ ఆ పేరు నా ముందు ఎవరూ ఎత్తలేదు. మా అత్తగారు "మేం పడలేదా నొప్పులు" అనేవారు. డాక్టరమ్మ అదే మాట ఇంగ్లీషులో అన్నారు, అంతే తేడా.

నైట్‌డ్యూటీ: గైనిక్ ఓపీలో నర్సుని. గర్భాశయం లోపలి పొరలాంటిదే బయట, అండాశయాల మీదో పేగుల మీదో పెరగడం ఈ జబ్బు. సిస్ట్ ఉంటే అల్ట్రాసౌండ్‌లో కనిపిస్తుంది. చిన్న చిన్న మచ్చల్లా ఉంటే చాలాసార్లు కనిపించదు. కాబట్టి స్కానింగ్ నార్మల్ అయినంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో సుమారు 10 శాతం మందికి ఉంది. గోదారిపిల్లా, మోషన్ నొప్పి సంగతి మాత్రం ఎవరు ఆపినా ఆగకుండా చెప్పు.

సందేహాల_రావు: డాక్టర్లందరినీ ఒకే గాటన కట్టకండి. మా చెల్లెలు తలనొప్పి వస్తే నెట్‌లో చదివి ట్యూమర్ అంటుంది. ఓపీలో వంద మందిని చూసేవాళ్లు ఏం చేస్తారు?

ఓరుగల్లు_వదిన: రావు గారూ, జబ్బు పేరు మేమే పెట్టేస్తే తప్పే. కానీ నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎలా వస్తుందో మేం చెప్పకపోతే డాక్టరుకెలా తెలుస్తుంది? ఏ స్కానింగూ చెప్పదు కదా.

బర్మింగ్‌హామ్_బుజ్జి: ఇక్కడేదో గొప్పగా ఉందనుకోకండి. ఇంగ్లండ్‌లోనూ ఏళ్లకేళ్లు తిప్పుతారు. కాకపోతే ఇక్కడ డాక్టర్లకు మార్గదర్శకాలు తయారుచేసే నైస్ (NICE) సంస్థ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్కానింగ్ నార్మల్ అని ఈ జబ్బును కొట్టిపారేయొద్దని ఉంది. నొప్పి డైరీ రాయించమనీ ఉంది. నేను రాశాను: తేదీ, ఎక్కడ నొప్పి, పదికి ఎంత, ఎన్ని మాత్రలు మింగాను, ఆఫీసు మానేశానా. ఒక్క కాగితమే. నోటితో చెబితే మధ్యలో ఆపేస్తారు, కాగితం ఇస్తే చదువుతారు. "ఎండోమెట్రియోసిస్ కాదని దేన్నిబట్టి అంటున్నారు?" అని మర్యాదగానే అడగండి.

గోదారిపిల్ల: పాత ఆసుపత్రిలో ఫైలు కాపీ అడిగితే విసుక్కున్నారు.

నైట్‌డ్యూటీ: రాతపూర్వకంగా అడుగు. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి.

గోదారిపిల్ల: అప్‌డేట్. ఫైలు వచ్చింది. కొత్త డాక్టర్ గారు నా డైరీ కాగితం మొత్తం చదివి, మోషన్ నొప్పి దగ్గర పెన్నుతో గీత గీసి ఎమ్మారై రాశారు. రిపోర్టు ఇంకా రాలేదు. డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్రలు వాడాల్సి రావచ్చన్నారు. వాడినవాళ్లు ఉంటే చెప్పండి, మీకెలా పడ్డాయి?