బోరు మోటారు కంట్రోలర్ తయారైంది, డిజైన్ పోటీకి డాక్యుమెంట్ ఎలా రాయాలి?

నర్సంపేట_ఈసీఈ:

అందరికీ నమస్కారం. హనుమకొండలో ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాను, మా టీమ్‌లో ముగ్గురం. ఒక ఎలక్ట్రానిక్స్ డిజైన్ పోటీకి ఎంట్రీ పంపాలి. 10 పేజీలకు మించని పీడీఎఫ్, స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ), విడిభాగాల జాబితా, 3 నిమిషాల వీడియో అడిగారు. ఇంకా 12 రోజులే ఉంది, నిజం చెప్పాలంటే బోర్డు చేసినప్పుడు పడని టెన్షన్ ఇప్పుడు ఈ పేజీలు రాయడానికి పడుతున్నాం.

మేం చేసింది బోరు మోటారు కంట్రోలర్. నర్సంపేట దగ్గర మా చిన్నబాపు మిర్చి చేనులో 5 హెచ్‌పీ మోటారు ఉంది. ఒకే ఏడాదిలో రెండుసార్లు కాలిపోయింది, ఒకసారి ఫేజు పోయి, ఇంకోసారి బోరులో నీళ్ళు అయిపోయినా అలాగే నడిచి. అందుకే ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న మైక్రోకంట్రోలర్‌తో బోర్డు చేశాం. మూడు ఫేజులూ (ఆర్, వై, బీ) ఉన్నాయో లేదో పీసీ817 ఆప్టోకప్లర్లతో, అంటే వోల్టేజీ ఉంటే లోపల చిన్న లైటు వెలిగి తెలిపే చిప్‌లతో చూస్తుంది, ఆర్ ఫేజు మీద ఒక సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) పెట్టి కరెంటు కొలుస్తుంది, నీళ్ళు లేకపోతే కరెంటు పడిపోతుంది కాబట్టి మోటారు ఆపేస్తుంది. కరెంటు పోయి వస్తే దానంతట అదే స్టార్ట్ చేస్తుంది. స్కీమాటిక్ ఫోటో కింద పెట్టాను.

రెండు విషయాలు తేలడం లేదు. మొదటిది, కాలేజీలో ప్రాజెక్ట్ రిపోర్టులా మొదటి నాలుగు పేజీలు ఐఓటీ అంటే ఏమిటి, మైక్రోకంట్రోలర్ అంటే ఏమిటి అని రాయమంటున్నారు. పది పేజీల్లో నాలుగు దానికే పోతే మా పని ఎక్కడ రాయాలి?

రెండోది చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది. మోటారు నడుస్తుండగా ఎలక్ట్రీషియన్‌తో వై ఫేజు కిట్‌కాట్ ఫ్యూజు తీయించి చూశాం. మా బోర్డు మూడు ఫేజులూ ఉన్నాయనే చూపించింది! మోటారు ఆగలేదు, శబ్దం మారింది, వెంటనే చేత్తో ఆఫ్ చేశాం. మోటారు ఆగి ఉన్నప్పుడు మాత్రం ఫేజు లేకపోతే కచ్చితంగా పట్టుకుంటోంది. రిపోర్టులో ఆగి ఉన్నప్పటి రీడింగులు మాత్రమే పెడితే సరిపోతుందని టీమ్‌లో ఒకరు అంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. ఏం చేయమంటారు?

జనగామ_హార్డ్‌వేర్:

చెల్లె, ముందు రెండోదే మాట్లాడదాం, ఎందుకంటే నీ డాక్యుమెంట్ మొత్తానికి ప్రాణం అక్కడే ఉంది, మీరు దాచాలనుకుంటున్నది అదే.

నడుస్తున్న త్రీ ఫేజ్ మోటారుకు ఒక ఫేజు తెగిపోతే ఆ తెగిన వైరు మీద వోల్టేజీ సున్నాకి పడిపోదు. రోటార్ (లోపల తిరిగే భాగం) తిరుగుతూనే ఉంటుంది కాబట్టి మోటారే ఆ మూడో టెర్మినల్ మీద వోల్టేజీ పుట్టిస్తుంది, అదీ అసలుకి చాలా దగ్గరగా. మీ ఆప్టోకప్లర్ వెలగడానికి ఆ మాత్రం చాలు. మీ సోల్డరింగులో తప్పు లేదు, కోడ్‌లో తప్పు లేదు, వోల్టేజీ చూసి ఫేజు పోవడాన్ని కనిపెట్టే పద్ధతికే ఉన్న లోపం ఇది. ఫేజు పోయిందా అని తెలియాలంటే కరెంటు చూడాలి. తెగిన ఫేజులో కరెంటు సున్నా, లోడు మీద ఉంటే మిగతా రెంటిలో దాదాపు 1.7 రెట్లు అవుతుంది, కాయిల్ మాడిపోయేది దానివల్లే.

ఫ్యూజు తీసినప్పుడు ఆర్ ఫేజు సీటీ ఎంత చూపించిందో లాగ్ ఉందా? ఉంటే ఆ గ్రాఫు రిపోర్టులో సగం పేజీ వేయండి. దాని కింద ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏం మార్చారు అని మూడు పేరాలు రాయండి. జడ్జిగా నేను కూర్చుంటే ముందు ఆ పేజీ దగ్గరే ఆగుతాను, ఎందుకంటే బల్ల మీద బల్బులు పెట్టి టెస్ట్ చేసినవాళ్ళకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు, చేను దాకా వెళ్ళినవాళ్ళకే తెలుస్తుంది.

మొదటి ప్రశ్నకు జవాబు చిన్నదే. ఐఓటీ ఉపోద్ఘాతం తీసేయండి. కాలేజీకి ఇచ్చే రిపోర్టు వేరు, దీనికి ఇచ్చేది వేరు. మొదటి పేరాలో మీ చిన్నబాపు మోటారు రెండుసార్లు ఎలా కాలిందో, ఒక్కోసారి బాగుకు ఎంతయిందో, పంటకు ఎన్ని రోజులు నీళ్ళు ఆగాయో రాస్తే చాలు. మా జనగామ వైపు ఎండాకాలంలో బోరు గంట పోసి ఆగిపోయేది, మా బాపు రాత్రి టార్చిలైటు పట్టుకుని మోటారు ఆపడానికి పోయేవాడు. ఇదీ అవసరం అంటే.

ఇంకో మాట. స్కీమాటిక్‌లో ఆప్టోకప్లర్ ముందు రెసిస్టరుకు 100కే (100 కిలో ఓములు) అని రాసి వదిలేశావు. ఎన్ని వాట్ల రెసిస్టరు? 415 వోల్టుల మీద 100కే పెడితే 1.7 వాట్ల వేడి వస్తుంది. మామూలు పావు వాట్ రెసిస్టరు అయితే మాడిపోవాలి, పైగా అది తట్టుకునే వోల్టేజీ కూడా 250 దగ్గరే. మీది మాడలేదు అంటే బోర్డు మీద వేరే ఏదో ఉంది, బొమ్మలో వేరే ఉంది.

నర్సంపేట_ఈసీఈ:

అన్నా, నిజమే. బోర్డు మీద మూడు 33కే ఒక వాట్ రెసిస్టర్లు వరసగా ఉన్నాయి. మొదట గీసిన బొమ్మ మార్చలేదు. ఇంకెన్ని చోట్ల ఇలా ఉందోనని ఇప్పుడు భయం వేస్తోంది.

లాగ్ ఉంది. ఫ్యూజు తీయకముందు 7.1 ఆంపియర్లు, తీశాక 11.8. మా కోడ్ కరెంటు తగ్గడాన్నే తప్పుగా చూస్తుంది, పెరగడాన్ని చూడనే లేదు. అంకె కళ్ళ ముందే ఉన్నా మాకు తట్టలేదు.

పరకాల_వైండింగ్:

బిడ్డా, నేను చదువుకున్నది ఐటీఐ, మోటార్లు కట్టబట్టి 22 ఏళ్ళయింది. పోటీల సంగతి నాకు తెల్వదు గానీ మోటారు ఎందుకు కాలిందో విప్పి చూస్తే చెప్తా. లోపల కాయిళ్ళు కలిపే తీరు రెండు, స్టార్, డెల్టా. స్టార్ కనెక్షన్ మోటారుకు ఫేజు పోతే రెండు ఫేజుల కాయిళ్ళు బొగ్గు అయితయి, మూడోది కొత్త రాగిలెక్కనే ఉంటది. డెల్టా అయితే ఒక్క ఫేజు మాడి రెండు బాగుంటయి. మొత్తం సమానంగా నల్లబడితే ఓవర్‌లోడో, వోల్టేజీ తక్కువనో అనుకోవాలె. నీళ్ళు లేక నడిస్తే సబ్‌మెర్సిబుల్‌కు చల్లదనం ఉండదు, కాయిళ్ళతో పాటు బుష్‌లు కూడా అరిగి ఉంటయి.

మీ చిన్నబాపు మోటారు కట్టిన షాపుకు పోయి అడగండి, పాత కాయిల్ తీసినప్పటి ఫోటో వాళ్ళ ఫోన్‌లో ఉండొచ్చు. లేకుంటే మా దగ్గరికి రండి, కాలిన స్టేటర్లు (కాయిళ్ళు ఉండే బయటి భాగం) వారంలో రెండు మూడు వస్తయి, పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకోండి. ఫేజు పోయిన మోటారు ఇట్లుంటది, నీళ్ళు లేక కాలింది ఇట్లుంటది అని రెండు ఫోటోలు పెడితే చదివేటాయనకు ఇంకేం చెప్పే పని లేదు. ఆ ఫ్యూజు తీసే పరీక్ష మాత్రం మీరు మీరే చేయకండి, పది సెకన్లు మించనీయకండి.

ల్యాబ్_మేడం:

నేను పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్తాను, పిల్లల పోటీలకు కొన్నిసార్లు జడ్జిగా కూడా వెళ్ళాను. ఒక్కో ఎంట్రీకి మాకు దొరికే సమయం చాలా తక్కువ. అందుకే మొదటి పేజీలోనే బ్లాక్ డయాగ్రమ్, బోర్డు ఫోటో, మూడు నాలుగు ముఖ్యమైన కొలతలు ఉండాలి. మిగతాది నచ్చితే చదువుతాం.

నాకు ఎక్కువ చిరాకు తెప్పించేది విడిభాగాల జాబితా అమ్మా. సీటీకి నువ్వు ఎస్‌సీటీ-013 అని రాశావు. ఏ ఎస్‌సీటీ-013? చివర 030 ఉంటే 30 ఆంపియర్లకు 1 వోల్టు ఇస్తుంది, లోపలే బర్డెన్ రెసిస్టరు (సీటీ కరెంటును వోల్టేజీగా మార్చేది) ఉంటుంది. చివర 000 ఉంటే 100 ఆంపియర్లకు 50 మిల్లీఆంపియర్లు ఇస్తుంది, బయట బర్డెన్ నువ్వే పెట్టాలి, 3.3 వోల్టుల బోర్డుకు 22 ఓములు దగ్గర సరిపోతుంది. జాబితా చూసి ఇంకొకరు తప్పుది కొని పెడితే వాళ్ళ రీడింగులన్నీ పోతాయి. పూర్తి పార్ట్ నంబరు, ఎన్ని కావాలి, మీరు కొన్న ధర, అంతే, అలంకారం అక్కర్లేదు.

కొలతల గురించి కూడా చెప్పాలి. "కచ్చితంగా పని చేసింది" అనే మాట రిపోర్టులో ఎక్కడా వద్దు. టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే మీటరు) ఎంత చూపించింది, మీ బోర్డు ఎంత చూపించింది, తేడా ఎంత, ఇలా పది రీడింగుల పట్టిక పెట్టండి. నీళ్ళు లేనప్పటి కరెంటుకు మీరు ఒక హద్దు పెట్టుకుని ఉంటారు కదా, అది ఏ వోల్టేజీ దగ్గర తీసింది? చేనులో వోల్టేజీ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వోల్టేజీ పెరిగితే లోడు మీద కరెంటు కొంచెం తగ్గుతుంది, ఖాళీగా తిరిగేటప్పుడు పెరుగుతుంది, రెంటికీ మధ్య దూరం తగ్గిపోతుంది. హద్దు ఎక్కడ పెట్టారో, ఎందుకు పెట్టారో దీన్ని బట్టి రాయాలి. ఆర్‌ఎంఎస్ (ఏసీ కరెంటుకు లెక్కగట్టే విలువ) తీయడానికి రీడింగులు తీసుకునే వ్యవధి 20 మిల్లీసెకన్ల గుణిజంలో ఉందో లేదో కూడా చూసుకోండి, మనది 50 హెర్ట్జ్ కాబట్టి ఒక్కో సైకిల్ 20 మిల్లీసెకన్లు.

స్టార్టింగులో 5, 6 రెట్లు కరెంటు లాగుతుంది, అంటే మీ మోటారుకు సుమారు 40 ఆంపియర్లు, 30 ఆంపియర్ల సీటీ అయితే అక్కడ సరిగ్గా చూపించదు. ఏడీసీ పిన్నును (చిప్ వోల్టేజీని అంకెగా చదివే చోటు) ఎక్కువ వోల్టేజీ నుంచి డయోడ్లతో కాపాడారా? మొదటి కొన్ని సెకన్లు రీడింగు వదిలేస్తున్నారా? స్కీమాటిక్‌లో డయోడ్లు కనబడలేదు. ఇలాంటివి ఒక్క వాక్యంలో రాసినా చాలు, కానీ ఆ వాక్యం ఉండాలి.

నర్సంపేట_ఈసీఈ:

మేడం, మాది 030. డయోడ్లు బోర్డు మీద ఉన్నాయి, బొమ్మలో లేవు, మళ్ళీ అదే తప్పు. మొదటి 5 సెకన్లు వదిలేస్తున్నాం. నీళ్ళు ఉన్నప్పుడు 7.1, లేనప్పుడు 4.3, హద్దు 5.2 పెట్టుకున్నాం, కానీ అన్నీ ఒక్క రోజు సాయంత్రం తీసినవే. ఈ శనివారం వెళ్ళి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడు పూటలా తీస్తాం.

సీటీలు మూడు ఫేజులకూ పెడదామనుకుంటున్నాం. ఇంత ఆలస్యంగా డిజైన్ మార్చడం తప్పు కాదు కదా?

జనగామ_హార్డ్‌వేర్:

మార్చండి. రెండు సీటీలు అదనం, రెండు ఏడీసీ పిన్నులు అదనం, అంతే. ఈఎస్‌పీ32లో ఏడీసీ1 పిన్నులే తీసుకోండి, వైఫై నడుస్తున్నప్పుడు ఏడీసీ2 సరిగ్గా చదవదు. డాక్యుమెంట్‌లో మొదటి బోర్డును మాయం చేయకండి, వెర్షన్ 1, వెర్షన్ 2 అని రెండూ ఉంచండి, ఖర్చు ఎంత పెరిగిందో పక్కన రాయండి.

రాత్రి మీ బొమ్మ మళ్ళీ చూశాను, పెద్ద ప్రశ్న ఒకటి మిగిలింది. కరెంటు రాగానే దానంతట అదే స్టార్ట్ అవుతుందని గొప్పగా రాశావు. మన దగ్గర అది ఇబ్బందికరమైన మాట. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు కరెంటు రాగానే మోటారును దానంతట అదే నడిపే ఆటో స్టార్టర్లు తీసేయమని విద్యుత్ సంస్థలు ఊరూరా చెప్పాయి. కారణం లెక్కలోనే ఉంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి లోడు కరెంటు సుమారు 33 ఆంపియర్లు. దాని మీద ఐదు మోటార్లు ఒకే క్షణంలో స్టార్ట్ అయి తలా 40 లాగితే 200. పైగా అవసరం లేకున్నా రాత్రంతా నీళ్ళు తోడేస్తాయి.

కాబట్టి కోడ్‌లో రెండు మార్పులు చేయండి. కరెంటు వచ్చాక ఒక్కో బోర్డు తనకు తోచినంత సేపు, ఒకటి నుంచి పది నిమిషాల మధ్య, ఆగి స్టార్ట్ చేయాలి. రైతు ముందే ఇన్ని గంటలు అని చెప్పిన సమయం అయిపోతే మళ్ళీ స్టార్ట్ చేయకూడదు. దీనికి పది పదిహేను లైన్లు పడతాయి, కానీ డాక్యుమెంట్‌లో ఆ 33, 200 లెక్కతో ఒక పేరా రాస్తే మీ చిన్నబాపు మోటారుతో పాటు పక్క రైతు మోటారు గురించి, ట్రాన్స్‌ఫార్మర్ గురించి కూడా ఆలోచించారని తెలుస్తుంది.

ల్యాబ్_మేడం:

వీడియోకి ఒక సలహా. టైటిళ్ళు, సంగీతం అర నిమిషం తినేస్తాయి, వద్దు. టాంగ్ టెస్టర్, మీ డిస్‌ప్లే రెండూ ఒకే ఫ్రేములో కనబడాలి, ఎలక్ట్రీషియన్ ఫ్యూజు తీయాలి, ఎన్ని సెకన్లలో ఆగిందో కనబడాలి, మధ్యలో కట్ చేయకండి. మాటలు తెలుగులోనే చెప్పి కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేయొచ్చు, నియమాల్లో భాష గురించి ఏముందో ఒకసారి చదువుకోండి. వేరేవాళ్ళ లైబ్రరీ ఏదైనా వాడితే దాని పేరు, లైసెన్సు రాయండి. పంపే ముందు స్కీమాటిక్ ప్రింటు చేతిలో పట్టుకుని, బోర్డు పక్కన పెట్టుకుని, ఒక్కో భాగాన్నీ పెన్సిల్‌తో టిక్ పెట్టుకుంటూ వెళ్ళండి. ఆ పని సర్క్యూట్ గీసిన మనిషి చేయకూడదు, మీ ముగ్గురిలో ఇంకొకరు చేయాలి.

నర్సంపేట_ఈసీఈ:

టిక్ పెట్టడం ఈ రోజు చేశాం మేడం, మా ఫ్రెండ్ చేసింది. ఏడు తేడాలు దొరికాయి. అందులో ఒకటి రిలే డయోడు, బొమ్మలో తిరగేసి గీశాం, బోర్డు మీద సరిగ్గానే ఉంది.

మూడు సీటీలు పెట్టి నిన్న సాయంత్రం చేనుకు వెళ్ళాం. ఎలక్ట్రీషియన్ వై ఫ్యూజు తీశాడు, 2 సెకన్లలో మోటారు ఆగింది. మూడు ఫేజులకూ మూడేసి సార్లు చేశాం, తొమ్మిదిసార్లూ ఆగింది. చిన్నబాపు పక్కనే నిలబడి ప్రతిసారీ లెక్కపెట్టాడు. వెర్షన్ 1 గ్రాఫు 4వ పేజీలో పెట్టాం, దాని కిందే ఇది.

పరకాల అన్నా, ఆదివారం పొద్దున మీ షాపు తెరిచే ఉంటుందా? స్టేటర్ల ఫోటోలకు ముగ్గురం వస్తాం.

పరకాల_వైండింగ్:

ఉంటది బిడ్డా, తొమ్మిదింటికి రండి. ఫేజు పోయి కాలిన స్టార్ మోటారు ఒకటి నిన్ననే వచ్చింది, మీరు వచ్చేదాక కాయిల్ కోయకుండ పక్కకు పెడ్తున్న.