పిల్లలకు చెప్పడానికి మన వైపు నిజం కథలు కావాలి

నమస్కారమండి. టెక్కలి దగ్గర బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతాను. రోజూ ప్రార్థన అయ్యాక మనసుకు హాయిగా ఉండే నిజం ఒకటి చెప్పడం అలవాటు. మొన్న హచికో గురించి చెప్పాను. 1925లో యజమాని చనిపోయినా, 1935లో తను పోయేదాకా టోక్యోలోని షిబుయా స్టేషన్ దగ్గర ఎదురుచూసిన కుక్క. వెనక బెంచీ పిల్లాడు ముక్కు తుడుచుకుంటూ "మన ఊళ్ళలో అలాంటివి లేవా మేడమ్?" అన్నాడు.

తేలినీలాపురం గుర్తొచ్చింది. ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చెట్ల మీద గూళ్ళు కడితే, పక్షులొస్తే పంట బాగుంటుందని ఊరివాళ్ళు కాపాడుకుంటారు కదా. (రెట్టల కంపు సంగతి పిల్లలే ఎత్తారు, నేను కాదు!)

దాంతో నా స్టాక్ అయిపోయింది. విజయనగరం, ఇచ్ఛాపురం వైపు ఇలాంటివి తెలిస్తే చెప్తారా? మనుషులవైనా సరే. వాట్సాప్ ఫార్వర్డులు మాత్రం వద్దండి, పిల్లల దగ్గర దొరికిపోతాను.