విదేశంలో పాఠాలు చెప్పి వచ్చేసేటప్పుడు: పిల్లలకు ముందే చెప్పాలా, చివరి రోజు చెప్పాలా?

సిల్క్‌బోర్డు సిగ్నల్:
ఆఫీసుకు లాంగ్ లీవ్ పెట్టి నేపాల్‌లో పోఖరా దగ్గర ఓ పల్లె బడిలో ఇంగ్లిష్, లెక్కలు చెబుతున్నాను. దసరాలోపు బెంగళూరులో ఉండాలి. "ఇప్పుడే చెప్పకండి, పిల్లలు దిగులు పెట్టుకుంటారు" అంటున్నారు ఇక్కడి హెడ్మాస్టరుగారు. నాకేమో మనసొప్పడం లేదు. మీరేమంటారు?

కోలారు కుర్రాడు:
ఆయన మాటే కరెక్ట్ బ్రో. నెల ముందు చెబితే ఆ నెలంతా చదువు సున్నా. రోజూ "వెళ్లొద్దు సార్" అనే గోలే.

టీచరమ్మ, కేఆర్ పురం:
తమ్ముడూ, నేను ప్రభుత్వ బడిలో పనిచేస్తాను. ట్రాన్స్‌ఫర్లు మాకు మామూలే. పిల్లలు ఏడుస్తారు, ఏడవనివ్వండి. చెప్పకుండా వచ్చేస్తే మాత్రం చిన్న తరగతుల వాళ్లు తామేదో తప్పు చేశామనుకుంటారు. తర్వాత వచ్చే టీచరుతో మాట కలపరు, "ఈయనా పోతాడులే" అని.
అంతకన్నా ముఖ్యం చార్జ్ అప్పగించడం. ఏ పాఠం దాకా వచ్చింది, భాగాహారంలో శేషం దగ్గర ఎవరు తడబడుతున్నారు, బోర్డు కనబడక పక్కవాడి నోట్సు చూసి రాసేది ఎవరు... ఇవన్నీ ఒక నోట్‌బుక్కులో రాసి అక్కడి టీచరు చేతికివ్వండి. చివరి రెండు వారాలు ఆయన పాఠం చెబుతుంటే మీరు వెనక బెంచీలో కూర్చోండి. పూలదండలు, సెల్ఫీలు తర్వాత సంగతి.

మారతహళ్లి మజ్జిగ:
అసలు తిరకాసు తేదీలో ఉంది. నేపాల్‌లో విద్యా సంవత్సరం వాళ్ల వైశాఖంలో, అంటే ఏప్రిల్ మధ్యలో మొదలవుతుంది. పరీక్షలయ్యాక వచ్చేస్తే తరగతితోపాటు టీచరూ మారినట్టుంటుంది, పిల్లలకు పెద్ద పట్టింపు ఉండదు. మనం మాత్రం మేనేజరిచ్చిన సెలవు చూసుకుని నడిమధ్యలో సంచి సర్దేస్తాం. విదేశాలకు వాలంటీర్లను పంపే అమెరికా ప్రభుత్వ సంస్థ పీస్ కోర్‌లో మామూలుగా 27 నెలలుండాలి: మూడు నెలల శిక్షణ, రెండేళ్ల పని. ఊరికే పెట్టలేదు. 2011లో కాంబోడియాలో "పిల్లలంటే టూరిస్టులు చూసిపోయే వింతలు కారు" అన్న అర్థంతో ప్రచారం నడిచింది. అది అనాథాశ్రమాల గురించే, అయినా మనకూ తగులుతుంది. రెండు నెలలకో కొత్త సారు దిగే బడికి అసలు వెళ్లకపోవడమే మేలంటాను. నొచ్చుకునేవాళ్లు నొచ్చుకోండి.

కోలారు కుర్రాడు:
27 నెలలా! మా మేనేజరు 27 రోజులివ్వడమే గగనం. ఎవరూ వెళ్లకపోతే అక్కడ ఇంగ్లిష్ పీరియడ్ ఎవరు తీసుకుంటారు?

టీచరమ్మ, కేఆర్ పురం:
అక్కడి టీచరే బాబూ. ఆయనకు సాయం చేయండి, ఆయన కుర్చీలో కూర్చోకండి.

సిల్క్‌బోర్డు సిగ్నల్:
సరే అక్కా, ఈ వారమే చెప్పేస్తాను. "మళ్లీ ఎప్పుడొస్తారు" అంటే? ఫోన్ నంబరు ఇవ్వొచ్చా?

టీచరమ్మ, కేఆర్ పురం:
టికెట్టు చేతిలో లేకుండా "వచ్చే దసైంకి (వాళ్ల దసరాకి) వస్తా" అనకండి, వాళ్లు నిజంగానే ఎదురుచూస్తారు. నంబరు బడికివ్వండి, పిల్లలకు విడివిడిగా వద్దు.

సిల్క్‌బోర్డు సిగ్నల్:
నోట్‌బుక్కు ఇంగ్లిష్‌లో రాయనా? లెక్కల సారుకు హిందీ బాగా వచ్చు.

టీచరమ్మ, కేఆర్ పురం:
హిందీలోనే రాయండి, నేపాలీకీ దానికీ లిపి కూడా ఒకటే కదా. తప్పులుంటే ఆయనే దిద్దుకుంటారు.