సమస్యాపూరణం: కొమ్ము రాగ నాడుగుఱ్ఱ మయ్యె

నిర్వాహకులు: ఈ వారం సమస్య (దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూర్తి చేయాలి):

*కొమ్ము రాగ నాడుగుఱ్ఱ మయ్యె*

ఆటవెలది అని వేరే చెప్పక్కర్లేదు. ఇంగ్లీషు, ఫ్రెంచి వింతజంతువుల ఆడపేర్ల మీద పోయిన వారం రేగిన రగడ ఇంకా చల్లారలేదు, అందుకని అందులోంచే తీశాను. ఉచ్చైశ్శ్రవాన్ని లాక్కురావద్దు.

అరసున్న:

యూనికోర్న నుండి యూనును విడదీసి
లాలికోర్న యంచు లలన యనగ
పదము చీల్చినంత ఫలితమేమందువా
కొమ్ము రాగ నాడుగుఱ్ఱ మయ్యె

ఒంటికొమ్ము గుఱ్ఱానికి పాత ఫ్రెంచిలో మాట 'యూనికోర్న్'. మొదటి 'యూన్'ను 'ఒక' అనే స్త్రీలింగ ఆర్టికల్ (నామవాచకం ముందు వచ్చే చిన్నమాట) అనుకున్నారు, మిగిలింది 'ఇకోర్న్'. దానికి ల్ తగిలించి 'లికోర్న్' చేశారు. ఆ ల్ కూడా ఆర్టికలేనని మరిచిపోయి ముందు మళ్ళీ 'లా' అనే స్త్రీలింగ ఆర్టికల్ పెట్టారు. ఒక మాటకు రెండు ఆర్టికల్స్.

నిర్వాహకులు: బాగుంది! 'లియెర్' అనే తీగ పేరుకూ ఇదే జరిగింది, అసలు మాట 'ఇయెర్'. అయితే దానికి ముందు 'ల' పెట్టి పుంలింగం చేశారు.

వలపలగిలక: అరసున్న గారి నడకకు వంక లేదు. కానీ వ్యుత్పత్తి అంత ఖాయంగా చెప్పేస్తే ఎలా? ఇటాలియన్ 'అలికోర్నో' మీదుగా వచ్చిందన్న దారీ ఉంది. 'లాలికోర్న్' అని కలిపి పలికితే అందులో ముందున్న 'అ' ఎవరిది, ఆర్టికల్‌దా, మాటదా? చెవికి తెలియదు. ఫ్రెంచివాళ్ళు ఆర్టికల్‌కి రాసిచ్చారు. ఇటాలియన్‌లో పుంలింగం, ఇటు వచ్చేసరికి ఆడది.

అరసున్న: రెండు దారుల్లోనూ తప్పుగా విరవడం వల్లే ఆడదయింది కదండీ. నా మూడో పాదం రెంటికీ సరిపోతుంది.

చాటువు:

మేకగడ్డముండి మీగడ తెలుపున
గొరిజ చీలియున్న కొమరు గల్గి
లింగమడుగకుండ లేడిని జత జేయ
కొమ్ము రాగ నాడుగుఱ్ఱ మయ్యె

పారిస్‌లో క్లూనీ మ్యూజియం ఉంది కదా, అక్కడి 1500 ప్రాంతపు ఆరు తెరల (బొమ్మలు నేసిన వస్త్రాల) మీద ఉన్నది ఇదే.

కందిరీగ: చాటువు గారూ, క్లూనీ తెరల్లో ఉన్నది లేడి కాదండీ, లేడీ. దీర్ఘం మింగేశారు. 'లేడిని' భగణం, 'లేడీని' తగణం, రెండూ ఇంద్రగణాలే. ఛందస్సు మిమ్మల్ని పట్టించదు. గణం నిలిచింది, జంతువు మారింది. పాపం ఆ అమ్మాయికి నాలుగు కాళ్ళొచ్చాయి.

చాటువు: దిద్దాను, లేడీని. గడ్డం సంగతి ఎవరూ పట్టించుకోలేదేం? ఆ తెరల్లో జంతువుకు మేకగడ్డం, చీలిన గొరిజలు రెండూ ఉన్నాయి. అసలు గుఱ్ఱమే కాదు పొమ్మనవచ్చు. గడ్డం పెట్టుకుని కూడా 'లా' అనిపించుకుంటోంది.

వలపలగిలక: అది వ్యాకరణలింగం. నిజంగా మగదని చెప్పాలంటే 'లికోర్న్ మాల్' (మగ యూనికార్న్) అని విశేషణం తగిలించాల్సిందే.

పిల్లజమీందారు:

ఇంగిలీషువార లిదియదియని యంద్రు
లింగభేద మెంచి లికోర్న యనరు
లాను జేర్చినంత లలనయై ఫ్రెంచిలో
కొమ్ము రాగ నాడుగుఱ్ఱ మయ్యె

కందిరీగ: రెండో పాదం చూసుకోండి. నాలుగో గణం 'లికో', లగం (లఘువు, గురువు). లగంతో మొదలయ్యే సూర్యగణం లేదు, ఇంద్రగణమూ లేదు. ఈ మాట ఏ గణానికీ తలకాయ కాలేదు. అరసున్న గారు 'లా' ముందు పెట్టి 'లాలి – కోర్న' అని రెండు హగణాలు చేసుకున్నారు చూడండి. ఆ ఆర్టికల్ అక్కడ లింగాన్నీ గణాన్నీ రెంటినీ నిలబెట్టింది. మీరు 'లింగభేద మెంచ లేరు వారు' అనేయండి, సరిపోతుంది.

పిల్లజమీందారు: ధన్యవాదాలు, మార్చాను.

వలపలగిలక: ఛందస్సు కుదిరింది, నిజం కుదరలేదు. ఇంగ్లీషువాళ్ళకు ఆడపేర్లు లేవా? ఓగ్రెస్, జెయింటెస్, డ్రాగనెస్, సెంటారెస్. ఆ '-ఎస్' ఫ్రెంచి '-ఎస్' నుంచి అరువు, అది లాటిన్ '-ఇస్సా' నుంచి. ఓగ్రెస్ అయితే తోకతో సహా ఫ్రెంచి సరుకే. యూనికార్న్‌కి మాత్రం లేదు. ఫ్రెంచిలో అన్నిటికీ ఒకటే తోక అనుకోకండి: సిల్ఫ్‌కు (గాలిదేవతకు) సిల్ఫీద్, డ్రాగన్‌కు ద్రాగోన్. ఈ చివరిది వాడేటప్పుడు జాగ్రత్త, కత్తి పిడికి కట్టే పట్టీనీ, కెమెరాకు మణికట్టు తాడునీ కూడా ద్రాగోనే అంటారు.

అరసున్న: తోకల గురించి వలపలగిలక గారే చెప్పాలి! పోయిన వారం పూరణలో వారి మూడో పాదం:

*తోక చేపదైన తొలి సైరెనమ్మకు*

గ్రీకు కుండల మీది సైరెన్లకు (పాటతో నావికులను ముంచే వింతజీవులకు) ఆడతల, పిట్ట ఒళ్ళు. చేపతోక మధ్యయుగాల్లో అతికింది. 'తొలి' అన్నారు చూడండి, అక్కడ పట్టుబడ్డారు.

వలపలగిలక: ఫ్రెంచిలో రెంటికీ ఒకటే మాట, 'సిరేన్'. చేపతోకదీ అదే, పిట్టరెక్కలదీ అదే. మెర్మెయిడ్ అని విడదీసుకున్నది ఇంగ్లీషువాళ్ళు, 'మెర్' అంటే పాత ఇంగ్లీషులో సముద్రం. నేను ఫ్రెంచి లెక్కన రాశాను.

అరసున్న: ఫ్రెంచి లెక్కన కూడా 'తొలి' తప్పే. 'కాలు పిట్టదైన కన్నె సైరెనులకు' అంటే యతీ పోదు.

కందిరీగ: ఇంతకీ ఫ్యాక్టరీ సైరన్‌కి ఆ పేరు 1819లో కన్యార్ ద లా తూర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పెట్టాడు, నీళ్ళలో కూడా మోగుతుందని. ఆ ఒక్క సైరన్‌కే చేపతోక న్యాయం.

చాటువు: మళ్ళీ గుఱ్ఱం దగ్గరకు వస్తే మంచిది.

తలకట్టు:

ఆడగుఱ్ఱ మనుచు నచ్చు వేసినదాన
డాకు గీత గీసి డంబముగను
టైపు దిద్దు వాడు టక్కున నవ్వెను
కొమ్ము రాగ 'నాడు' గుఱ్ఱ మయ్యె

నిర్వాహకులు: ఆహా! 'ఆడ'లో డకు కొమ్మిస్తే 'ఆడు'! సమస్యలో ఈ కొమ్ము ఉందని ఇచ్చిన నాకే తోచలేదు.

పిల్లజమీందారు: మొదటి పాదంలో ఆ–న యతి తప్పలేదా?

నిర్వాహకులు: అనుచున్ + అచ్చు. ఆ–అ.

వలపలగిలక: చమత్కారం ఒప్పుకుంటాను, కానీ ఇందులో ఫ్రెంచి ఏది, ఇంగ్లీషు ఏది? వింతజంతువు ఏది? మామూలు గుఱ్ఱం, మామూలు ప్రూఫ్‌రీడరు. 'డంబముగను' యతి కోసం వచ్చి కూర్చుంది. అరసున్న గారి 'లాలికోర్న'లో ప్రతి అక్షరం పని చేస్తోంది.

అరసున్న: ఈ తేదీ రాసిపెట్టుకుంటాను.

తలకట్టు: ఫ్రెంచి కావాలంటే ఉంది. వాళ్ళు జెయాన్‌ని (మహాకాయుణ్ణి) ఆడ జెయాంత్ చేసేది చివర 'e' అనే అక్షరం పెట్టే. ఆ అక్షరాన్ని పలకరు, దాని చలవతో ముందున్న త మాత్రం బయటికి వినిపిస్తుంది. నా కొమ్ము చేసేదీ అదే పని.

వలపలగిలక: అది పద్యంలో ఉండాలి, కింద కాదు.

నిర్వాహకులు: వచ్చే వారానికి: *మగువ మోము గల్గి మగడె యయ్యె*. స్ఫింక్స్ (ఆడమొగం, సింహం ఒళ్ళు ఉన్న వింతజంతువు) గ్రీకులో స్త్రీలింగం, ఫ్రెంచిలో పుంలింగం. 'స్ఫేంజ్' అనే ఆడమాట ఫ్రెంచిలో ఉందని గుర్తు చేసి సమస్య చెడగొట్టకండి.

కందిరీగ: మీరే చెడగొట్టేశారుగా.